42 శాతం బిల్లును 9వ షెడ్యూల్‌లో పెడితే కోర్టులు ముట్టుకోలేవా? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి

దేవరకొండ_గ్రూప్2:

అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఊరు, ఇప్పుడు నల్గొండలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నా. 2025 డిసెంబర్‌లో సర్పంచ్ ఎలక్షన్లు అయినప్పటి నుంచి ఊరికి పోతే చాలు, చదువుకున్నోడివి కదా నువ్వు చెప్పు అని పెద్దోళ్లు పట్టుకుంటున్నారు. 2025 మార్చిలో మన అసెంబ్లీ బీసీలకు 42 శాతం రిజర్వేషన్ అని బిల్లులు పాస్ చేసింది, అవి ఢిల్లీకి పోయాయి, తర్వాత జీవో ఇస్తే అక్టోబర్‌లో హైకోర్టు స్టే ఇచ్చింది, చివరికి 50 శాతం లోపల రిజర్వేషన్లతోనే ఎలక్షన్లు జరిగాయి. ఇంతవరకు నాకు తెలుసు.

నాకు అర్థం కానిది ఏంటంటే, ప్రతి మీటింగ్‌లో 9వ షెడ్యూల్‌లో చేర్చాలి అంటున్నారు, అందులో పెడితే నిజంగానే ఏ కోర్టూ ఏం చేయలేదా? ఇంకోటి, అసెంబ్లీలో అన్ని పార్టీలూ ఒప్పుకున్నాక కూడా ఎందుకు ఆగింది? మా మామయ్య అడిగిన ప్రశ్నకైతే నా దగ్గర జవాబే లేదు: రాష్ట్రాన్నే రెండు చేసినప్పుడు మూడింట రెండు వంతుల మెజారిటీ అక్కర్లేదు కానీ, సర్పంచ్ సీట్ల లెక్క మార్చాలంటే రాజ్యాంగ సవరణ కావాలా? పుస్తకంలో రాజ్యాంగ సవరణ ఎట్లా చేయాలో చెప్పే 368 ఆర్టికల్ గురించి ఒకటిన్నర పేజీ ఉంది, బట్టీ పట్టాను గాని మామయ్యకు చెప్పేంత అర్థం కాలేదు.

పాలమూరు_వకీలు:

తమ్ముడూ, మీ మామయ్య అడిగింది మంచి ప్రశ్న. నువ్వు అడిగినవి వేరువేరుగా కనిపిస్తున్నాయి గాని మూలం ఒకటే. ఒక నిబంధన ఎక్కడ రాసి ఉందో చూడాలి, దాన్ని మార్చే పద్ధతి దాన్ని బట్టే ఉంటుంది. జీవోలో ఉంటే ఇంకో జీవో చాలు. చట్టంలో ఉంటే అసెంబ్లీకో పార్లమెంటుకో పోవాలి. రాజ్యాంగంలో ఉంటే చాలావరకు 368. కోర్టు తీర్పులో ఉంటే మాత్రం చిక్కు, 42 శాతం ఇరుక్కున్నది అక్కడే.

రాజ్యాంగం తెరిచి 243డి చూడు, అందులో ఆరో క్లాజు. పంచాయతీల్లో వెనుకబడిన తరగతులకు రిజర్వేషన్ ఇచ్చే అధికారం రాష్ట్ర శాసనసభకు ఉందని రాసి ఉంటుంది. ఎంత శాతం అని ఎక్కడా ఉండదు. 50 దాటొద్దు అన్నది 2010లో కె. కృష్ణమూర్తి కేసులో ఐదుగురు జడ్జిల ధర్మాసనం చెప్పిన మాట. ఎస్సీ, ఎస్టీ, బీసీ అన్నీ కలిపి 50 లోపే ఉండాలి, షెడ్యూల్డ్ ఏరియాల్లో ఎస్టీల కోసం మాత్రమే మినహాయింపు అన్నారు. 2021లో మహారాష్ట్ర కేసులో దీనికి మూడు షరతులు స్పష్టంగా పెట్టారు: ప్రత్యేక కమిషన్ వేయాలి, స్థానిక సంస్థల వారీగా వెనుకబాటుతనం లెక్క తీయాలి, మొత్తం 50 దాటకూడదు. మన రాష్ట్ర కులగణన సర్వేలో బీసీలు, ముస్లిం బీసీలతో కలిపి, 56.33 శాతం అని తేలింది, ఆ లెక్క బలమైనదే. కానీ మూడో షరతు గోడలాగా అడ్డం నిలబడింది. అసెంబ్లీలో ఏకగ్రీవంగా పాస్ అయినా సుప్రీంకోర్టు రాజ్యాంగానికి చెప్పిన అర్థాన్ని రాష్ట్ర చట్టం దాటలేదు, జీవో అసలే దాటలేదు.

ఇక 9వ షెడ్యూల్. ఇది 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో లేదు. అప్పుడు జమీందారీ రద్దు చట్టాలను జమీందార్లు ఆస్తి హక్కు పేరుతో కోర్టుల్లో సవాలు చేశారు, పాట్నా హైకోర్టు బీహార్ చట్టాన్ని కొట్టేసింది కూడా. అందుకే 1951లో మొట్టమొదటి సవరణ తెచ్చి 31బి అనే ఆర్టికల్, దాని కింద ఈ షెడ్యూల్ పెట్టారు. ఇందులో రాసిన చట్టం ప్రాథమిక హక్కులకు విరుద్ధంగా ఉందని చెప్పి కొట్టేయడానికి లేదు అని దాని సారం. మొదట 13 చట్టాలు పెట్టారు. ఆ 13లో చివరి రెండూ మన హైదరాబాద్ రాష్ట్రానివే, జాగీర్ల రద్దు రెగ్యులేషన్ ఒకటి, జాగీర్లకు ఇచ్చే పరిహారం రెగ్యులేషన్ ఇంకోటి. చట్టం పేర్లలో ఇప్పటికీ నిజాం కాలపు సంవత్సరాల లెక్కలో 1358 ఫసలీ, 1359 ఫసలీ అనే ఉంటుంది. సాయుధ పోరాటం నడిచిన నేల మీది చట్టం కాబట్టి దాన్ని మళ్లీ ఎవరూ కోర్టులో వెనక్కి తిప్పకుండా అక్కడ దాచారు. ఈ సంగతి మన పిల్లలకు పుస్తకాల్లో ఎందుకు చెప్పరో నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇప్పుడు అందులో 284 దాకా ఉన్నాయి. కానీ పాత రక్షణ ఇప్పుడు లేదు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది జడ్జిలు కూర్చుని, 7-6 తేడాతో, పార్లమెంటు రాజ్యాంగంలో ఏ భాగాన్నైనా సవరించవచ్చు గాని దాని మౌలిక స్వరూపాన్ని, అంటే పునాది సూత్రాలను, చెడగొట్టకూడదు అన్నారు. ఆ ఏడుగురిలో మన హైదరాబాద్ హైకోర్టులో జడ్జిగా చేసిన పి. జగన్మోహన్ రెడ్డి గారు ఒకరు. 2007లో తొమ్మిది మంది ధర్మాసనం ఇంకో అడుగు వేసి, ఆ తేదీ తర్వాత 9వ షెడ్యూల్‌లో చేరిన ఏ చట్టాన్నైనా మౌలిక స్వరూపం కోణంలో పరీక్షించవచ్చు అని తేల్చింది. కాబట్టి రేపు మన బిల్లును అందులో పెట్టినా కేసు వేయొచ్చు, కోర్టు వినొచ్చు. తమిళనాడు 69 శాతం చట్టాన్ని 1994లో, పీవీ గారు ప్రధానిగా ఉన్నప్పుడు, 76వ సవరణతో అందులో పెట్టారు, అది ఇప్పటికీ అమల్లో ఉంది గాని అది చదువులు, ఉద్యోగాల చట్టం, సర్పంచ్ సీట్లది కాదు.

దేవరకొండ_గ్రూప్2:

అన్నా, మస్తు క్లియర్‌గా ఉంది. కానీ మరి ఈడబ్ల్యూఎస్, అంటే రిజర్వేషన్ లేని కులాల్లో పేదోళ్లకు, 10 శాతం ఇచ్చినప్పుడు 50 దాటింది కదా? అది ఎట్లా నిలబడింది?

పాలమూరు_వకీలు:

అక్కడ చట్టం కాదు, రాజ్యాంగాన్నే మార్చారు. 103వ సవరణ. 2019 జనవరి 8న లోక్‌సభలో పెట్టి అదే రోజు పాస్ చేశారు, 9న రాజ్యసభ, 12న రాష్ట్రపతి సంతకం. అంతా కలిపి వారం కూడా పట్టలేదు. 15, 16 ఆర్టికల్స్‌లో కొత్త క్లాజులు చేర్చారు కాబట్టి అది చెల్లుతుందా అన్న ప్రశ్న మౌలిక స్వరూపం దగ్గరికే వచ్చింది, 2022 నవంబర్‌లో 3-2తో నిలబెట్టారు. 50 శాతం గీత మార్చరానిదేమీ కాదు అని మెజారిటీ జడ్జిలు అన్న మాట బీసీ సంఘాలు పట్టుకోవాల్సిన మాట. నన్నడిగితే 9వ షెడ్యూల్ కోసం అడిగే బదులు 243డిలోనే శాతం రాయమని, లేదా జనాభా నిష్పత్తి ప్రకారం అని రాయమని అడగాలి. ఎస్సీ, ఎస్టీలకు అదే ఆర్టికల్‌లో జనాభా నిష్పత్తి అని రాసి ఉంది, బీసీల దగ్గరికి వచ్చేసరికి రాష్ట్రం ఇష్టం అని వదిలారు. తేడా అంతా అక్కడే వచ్చింది.

మిర్యాలగూడ_సోషల్_టీచర్:

బాబూ, మీ మామయ్య ప్రశ్నకు నేను చెబుతాను, పదో తరగతి పిల్లలకు ప్రతి ఏడూ చెప్పేదే ఇది.

రాష్ట్రాలను విడగొట్టడం, కలపడం, పేరు మార్చడం అన్నీ 3వ ఆర్టికల్ కింద వస్తాయి. అలాంటి చట్టం వల్ల రాజ్యాంగంలోని మొదటి షెడ్యూల్, నాలుగో షెడ్యూల్ మారినా సరే, అది 368 కింద సవరణగా లెక్కలోకి రాదు అని 4వ ఆర్టికల్‌లోనే రాసిపెట్టారు. అందుకే మామూలు మెజారిటీ చాలు. రాష్ట్ర అసెంబ్లీ అభిప్రాయం అడగాలి, కానీ ఆ అభిప్రాయానికి కట్టుబడాల్సిన పని లేదు. 2014 జనవరిలో ఉమ్మడి అసెంబ్లీ బిల్లును తిరస్కరిస్తూ తీర్మానం చేసినా ఫిబ్రవరి 18న లోక్‌సభలో, 20న రాజ్యసభలో పాసై జూన్ 2కి మనకు రాష్ట్రం వచ్చింది. రాజ్యాంగం రాసినప్పుడు దేశంలో సంస్థానాలు, రకరకాల రాష్ట్రాలు ఉన్నాయి, సరిహద్దులు మారక తప్పదని వాళ్లకు తెలుసు. ప్రతి మార్పుకూ అక్కడి అసెంబ్లీ ఒప్పుకోవాలి అని పెట్టి ఉంటే చిన్న ప్రాంతాలు ఎప్పటికీ బయటికి రాలేవు. ఆ ఒక్క ఆర్టికల్ లేకపోతే మన పని ఏమయ్యేదో ఆలోచించండి.

కానీ మన చరిత్రలోనే రెండో రకం కూడా ఉంది. 1972 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు, అంటే ఇక్కడి ఉద్యోగాలు స్థానికులకే అన్న రూల్స్, చెల్లుతాయి అనగానే ఆంధ్ర వైపు ఉద్యమం లేచింది, 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. ఉద్యోగాల్లో స్థానికత పెట్టాలంటే మామూలు చట్టం చాలదు, ఎందుకంటే 16వ ఆర్టికల్ ప్రకారం పుట్టిన చోటు, నివాసం చూసి ఉద్యోగాల్లో తేడా చూపకూడదు. అందుకే 32వ సవరణ చేసి 371డి పెట్టారు, 1974 జూలై 1 నుంచి అమలు. దాని కింద 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు, మళ్లీ మనకు 2018లో కొత్త ఉత్తర్వులు. బాబూ, నువ్వు రాసే గ్రూప్స్‌లో నల్గొండ యాదాద్రి జోన్‌లో, మహబూబ్‌నగర్ జోగులాంబ జోన్‌లో ఉన్నాయంటే దానికి మూలం ఆ సవరణే. వికారాబాద్‌ను జోగులాంబ నుంచి చార్మినార్ జోన్‌కు మార్చడానికి మాత్రం మళ్లీ పార్లమెంటు అక్కర్లేదు, 2021లో రాష్ట్రపతి ఉత్తర్వును సవరిస్తే సరిపోయింది.

368లో ఉన్న లెక్క మాత్రం సరిగ్గా నేర్చుకో, పరీక్షలో అందరూ అక్కడే జారతారు. ఒకటి కాదు, రెండు లెక్కలు ఒకేసారి సరిపోవాలి: సభ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, వచ్చి ఓటు వేసినవాళ్లలో మూడింట రెండు వంతులు. రెండు సభల్లోనూ విడివిడిగా. ఉమ్మడి సమావేశం పెట్టి గట్టెక్కే దారి లేదు. 1970 సెప్టెంబర్‌లో మాజీ రాజులకు ఇచ్చే రాజభరణాల రద్దు బిల్లు లోక్‌సభ దాటి రాజ్యసభకు వచ్చింది, అనుకూలంగా 149, వ్యతిరేకంగా 75. మొత్తం 224లో మూడింట రెండు వంతులు అంటే 149.33. ఒక ఓటు కూడా కాదు, ఓటులో మూడో వంతు తక్కువై బిల్లు పడిపోయింది. సర్కారు రాష్ట్రపతి ఉత్తర్వుతో రద్దు చేయబోతే సుప్రీంకోర్టు కొట్టేసింది, మళ్లీ ఎన్నికలయ్యాక 1971లో 26వ సవరణతో గాని పని కాలేదు. పంచాయతీలకు కూడా మొదట 1989లో 64వ సవరణ బిల్లు తెచ్చారు, రాజ్యసభలో మెజారిటీ చాలక పోయింది. తర్వాత 73వ సవరణగా 1993 ఏప్రిల్ 24 నుంచి అమలైంది.

కేంద్రానికి, రాష్ట్రాలకు మధ్య అధికారాలు మారే సవరణలైతే కనీసం సగం రాష్ట్రాల అసెంబ్లీలు కూడా ఆమోదించాలి. 2016లో జీఎస్టీకి అలాగే చేశారు. ఆ మెట్టు తప్పితే ఏమవుతుందో మన సింగిల్ విండో సొసైటీల కథ చూడు. సహకార సంఘాల మీద 2011లో 97వ సవరణ చేశారు, సహకారం రాష్ట్రాల జాబితాలోది అయినా అసెంబ్లీల ఆమోదం తీసుకోలేదు. 2021లో సుప్రీంకోర్టు రాష్ట్ర సొసైటీలకు సంబంధించినంతవరకు ఆ భాగం చెల్లదు అని తేల్చింది.

కృష్ణ_ఒడ్డు_కొల్లాపూర్:

అందరూ ఢిల్లీ లెక్కలు చెబుతున్నారు, నేను మా ఇంటి సంగతి చెబుతా. మా తాత కొల్లాపూర్ సంస్థానం కింద రైతు. జాగీర్ల రద్దు రెగ్యులేషన్‌లో జాగీరు అంటే సంస్థానం, మక్తా, అగ్రహారం అన్నీ కలిసే వస్తాయి, అందుకే గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ సంస్థానాలు కూడా దాంతోనే పోయాయి. తర్వాత 1950 కౌలుదారీ చట్టం, రక్షిత కౌలుదారు అని రాయించుకున్నోళ్లకు భూమి మీద హక్కు ఇచ్చే 38-ఇ సర్టిఫికెట్. మా ఇంట్లో ఆ కాగితాన్ని ఇప్పటికీ ఇనుప పెట్టెలో, పాత ఉర్దూ పహాణీ నకలు మధ్యలో మడతపెట్టి ఉంచుతాం, మడతల దగ్గర చిరిగితే మా నాన్న వెనక పలుచటి గుడ్డ అతికించాడు. ఆ కౌలుదారీ చట్టాన్ని కూడా 1964లో 17వ సవరణతో 9వ షెడ్యూల్‌లో పెట్టారు. వకీలు అన్న దానికి పాత బలం లేదు అంటే నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. మా లాంటోళ్ల పట్టాలు నిలబడింది దాని వల్లనే.

ఇంకో పక్క మా అమ్మమ్మ వాళ్ల ఊరు ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయింది. ఊరు ఖాళీ చేసేనాటికి ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుగా లేదు, 44వ సవరణతో తీసేసి 300ఎ అని పక్కన పెట్టారు, 1979 జూన్ 20 నుంచి. పరిహారం ఇచ్చింది తెల్లోళ్ల కాలం నాటి 1894 చట్టం ప్రకారం. ఆ డబ్బులతో పక్కన ఎక్కడా అంత పొలం రాలేదు, మా మామలు బొంబాయికి, పుణెకు మట్టిపనికి పోయారు. పాలమూరు లేబర్ అని అందరూ అంటారు గాని అందులో ఎంతమంది మునిగిన ఊళ్లోళ్లు ఉన్నారో ఎవరూ లెక్క తీయలేదు. ఒక చట్టం మారడానికి 1894 నుంచి 2013 దాకా ఆగాలా? రాజ్యాంగాన్ని ఇన్నిసార్లు మార్చారు, 2023 వరకే 106 సవరణలు, మరి భూసేకరణ చట్టాన్ని మార్చడానికి మామూలు మెజారిటీ చాలు కదా, ఎవరికీ తీరిక దొరకలేదా? నాకు కోపం వచ్చేది అక్కడే.

పాలమూరు_వకీలు:

అన్నా, మీ కోపం న్యాయమైనదే. ఒక్క సవరింపు మాత్రం చెబుతా, మీ తాతగారి 38-ఇ భద్రంగానే ఉంది. 2007 తీర్పు 1973 ఏప్రిల్ 24 తర్వాత చేరిన చట్టాల గురించే. జాగీర్ల రద్దు 1951లో, కౌలుదారీ చట్టం 1964లో చేరాయి, వాటి జోలికి రాదు. అదే మన సీలింగ్ చట్టం, 1973ది, 34వ సవరణతో 1974లో చేరింది, కాబట్టి అది గీతకు ఇవతల ఉంది. భూమి మనుషులకు ఈ తేదీ చాలా ముఖ్యం.

300ఎ సంగతి కూడా తక్కువగా చూడొద్దు. ప్రాథమిక హక్కు కాకపోయినా రాజ్యాంగ హక్కే. చట్టం లేకుండా భూమి తీసుకోవడానికి లేదు, 2024 మే నెలలో సుప్రీంకోర్టు నోటీసు ఇవ్వడం, అభ్యంతరాలు వినడం, న్యాయమైన పరిహారం లాంటివి అన్నీ ఆ ఆర్టికల్‌లో భాగమే అని స్పష్టంగా చెప్పింది. డిండి వైపు, ఉదండాపూర్ వైపు భూములు పోతున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి గ్రామసభలో అభ్యంతరం నోటితో చెప్పి ఊరుకోకండి, కాగితం మీద రాసి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.

నల్గొండ_కోర్టు_గుమస్తా:

సవరణ అంటే పార్లమెంటులోనే అని అందరూ అనుకుంటారు. మా దగ్గరికి వచ్చే రైతులకు దెబ్బ తగిలేది రాష్ట్ర చట్టం మారినప్పుడు, అది కూడా చిన్న వాక్యం పోయినప్పుడు. సాదాబైనామా చూడండి. తెల్లకాగితం మీద రాసుకున్న కొనుగోలును పక్కా చేసే సెక్షన్ 1971 పాస్‌బుక్ చట్టంలో 5-ఎ అని ఉండేది. 2020లో ఒకవైపు దరఖాస్తులు తీసుకుంటుండగానే అక్టోబర్ 29న కొత్త చట్టం అమల్లోకి వచ్చింది, ధరణి మొదలైంది, పాత చట్టం రద్దయింది. కొత్తదాంట్లో ఆ సెక్షన్ లేదు. హైకోర్టు ఏ చట్టం కింద పరిష్కరిస్తారు అని అడిగింది, అంతే, లక్షల దరఖాస్తులు ఏళ్ల తరబడి ఆగిపోయాయి. నకిరేకల్ వైపు నుంచి ఒక ముసలాయన ప్రతి సోమవారం మీసేవ రసీదు పట్టుకుని వచ్చేవాడు, ఆయనకు సెక్షన్ రద్దయిందని చెప్పడం మా వల్ల కాలేదు, నేను కొన్నది నిజం కదా అనేవాడు. భూభారతి చట్టం 2025లో వచ్చాక మళ్లీ దారి తెరిచారు: 2014 జూన్ 2కి ముందు కొని, 12 ఏళ్లుగా సాగులో ఉండి, 2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 మధ్య దరఖాస్తు పెట్టినవాళ్లకు. తేదీ ఒక్కరోజు తప్పినా బయటే.

అందుకని తమ్ముడూ, చట్టం చదివేటప్పుడు మూడు చోట్ల తప్పకుండా వేలు పెట్టు. అమల్లోకి వచ్చే తేదీ ఎక్కడ ఉంది, చివర్లో రద్దులు, మినహాయింపులు అనే సెక్షన్ పాత కేసుల గురించి ఏమంటోంది, పేజీ కింద చిన్న అక్షరాల్లో ఏ సవరణ చట్టం ద్వారా ఏ మాట పోయి ఏ మాట వచ్చింది. పాత పుస్తకాల షాపులో దొరికిన బేర్ యాక్ట్ పట్టుకుని వాదించడానికి వచ్చే కుర్ర లాయర్లకు కూడా నేను ఇదే చెబుతాను.

దేవరకొండ_గ్రూప్2:

టీచర్ గారూ, వకీలు అన్నా, గుమస్తా సార్, కొల్లాపూర్ అన్నా, అందరికీ దండాలు. మామయ్యకు ఫోన్ చేసి 3వ ఆర్టికల్ సంగతి చెప్పాను. వెంటనే ఇంకో ప్రశ్న వేశాడు: ఆడోళ్లకు అసెంబ్లీలో, పార్లమెంటులో మూడో వంతు సీట్లు అని సవరణ అయిపోయింది కదా, మరి మొన్నటి ఎలక్షన్లలో ఎందుకు లేదు అని.

మిర్యాలగూడ_సోషల్_టీచర్:

అది 106వ సవరణ బాబూ, 2023 సెప్టెంబర్. లోక్‌సభలో 454 అనుకూలం, ఇద్దరు వ్యతిరేకం, రాజ్యసభలో 214కి ఎదురు ఒక్కరూ లేరు. అయినా అందులోనే ఒక షరతు రాశారు, ఆ తర్వాత జరిగే జనాభా లెక్కలు, ఆ లెక్కల మీద నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే రిజర్వేషన్ అమలు అని. గుమస్తా గారు చెప్పినట్టు అమలు తేదీ ఎక్కడ ఉందో చూడాలి. మా స్కూల్లో ఆడపిల్లలు కూడా ఇదే అడిగారు, 334ఎ ఆర్టికల్ బోర్డు మీద రాసి చదివించాను. మీ మామయ్యకు కూడా అదే ఆర్టికల్ చదివి వినిపించు.